పదిహేడో నంబరు కుండీకి వచ్చిన సున్నా

నేను ఒక నల్ల ప్లాస్టిక్ కుండీని, అరచేతిలో ఇమిడిపోతాను. వ్యవసాయ కళాశాల కుళాయి కింద కెజియా నన్ను తోముతుండగా ఆమె ఫోన్ మోగింది. ఆమె పరిశోధనకు గైడు అయిన అనసూయ మేడమ్ అన్న మాటలు నాకూ వినబడ్డాయి: "పత్రికవాళ్లు మన వ్యాసం వేసుకుంటున్నారు. పదిహేడో నంబరు కుండీ ఫొటో పెద్దది పంపమన్నారు."

పదిహేడు నేనే.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పను. విజయవాడలో విరిగిన కుర్చీలు, బకెట్లు కరిగించిన ముద్దలో నేనొక ముక్కని. కొన్నాళ్లు ఒక నర్సరీలో బంతి నారు మోశాను. మనుషులు పువ్వును మెచ్చుకుంటారు. కుండీనైతే తిరగేసి అడుగున రంధ్రం ఉందో లేదో చూస్తారు. తర్వాత ఇరవై మూడు తోటి కుండీలతో కలిసి కెజియా చేతికి వచ్చాను.

మా అందరిలోనూ ఆవాల జాతి చిన్న మొక్కలే. పన్నెండు మామూలువి. తక్కిన పన్నెండూ విటమిన్ ఇ తయారు చేసుకోలేనివి. చల్లగా ఉన్నంతకాలం రెండింటికీ తేడా కనబడదు. వేడి తగిలినప్పుడే అసలు సంగతి. ఆకులోని హరితరేణువుల్లో ఉండే విటమిన్ ఇ ఆ దెబ్బ కాచుకోవడమే కాదు, 'కష్టమొచ్చింది' అన్న కబురు కణకేంద్రకానికి చేరడంలోనూ సాయపడుతుంది. కబురు సరిగా అందకపోతే రక్షణ ఏర్పాట్లూ సరిగా జరగవు, ఆకు వెలిసిపోతుంది. కెజియా రెండేళ్ల కష్టమంతా ఇది చూపించడానికే.

మమ్మల్ని వేడిపెట్టెలో ఉంచి తీశాక ఆకులకు మార్కులు వెయ్యాలి: నిండు పచ్చకి ఐదు, పూర్తిగా వెలిసిపోతే సున్నా. మేడమ్ అడ్డుపడ్డారు. "వీటిని పెంచింది నువ్వు. నీ కంటికి నువ్వు అనుకున్నదే కనబడుతుంది. దేంట్లో ఏముందో తెలియని మనిషి వెయ్యాలి. లేకపోతే థీసిస్ మీద సంతకం పెట్టను."

విభాగంలో మా సంగతి తెలియనివాళ్లు లేరు. అందుకని కెజియా అప్పటికి మూడు వారాల కిందట పెళ్లాడిన దానియేలును వెంటబెట్టుకొచ్చింది. చీరాలలో చీరల దుకాణంలో పని అతనిది.

"ఏ నంబర్లు ఓడిపోతే నీకు మంచిదో చెవిలో చెప్పు," అన్నాడు.

"చెబితే మీరు పనికిరారు. చీర రంగు చూసినట్టు చూడండి, చాలు."

"చీరకైతే కొనేవాళ్ల మొహం చూసి చెబుతాను."

"నా మొహం చూడొద్దు." ఆమె గోడవైపు తిరిగి నిలబడింది.

"ఇది చిలకపచ్చ, ఐదు. ఇది నాలుగు ఉతుకులు పడ్డ పచ్చ, రెండు..." నన్ను మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పి చూశాడు. పెళ్లాం పెంచినదానికి సున్నా వెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. చివరికి వేశాడు.

ఏ కుండీలో ఏ మొక్క ఉందో రాసిన జాబితా విప్పారు. నాలోది విటమిన్ ఇ లేని మొక్క. తక్కువ మార్కులన్నీ మా పన్నెండుకే వచ్చాయి, ఒక్క తొమ్మిదో కుండీ తప్ప. దానిలో మామూలు మొక్కే ఉన్నా రెండే పడ్డాయి.

"తొమ్మిదికి ఇంకో రెండు కలిపేదా?" అన్నాడు దానియేలు మెల్లగా.

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

ఆమె ఆ రెండును అలాగే ఉంచింది. మేడమ్ కాగితమంతా చదివి, సరిగ్గా ఆ రెండు దగ్గర వేలు ఆనించి, సంతకం పెట్టారు. సున్నా తెచ్చుకుని ఇంత గర్వపడే కుండీ ఇంకోటి ఉంటుందనుకోను. మనుషులు తమ పిల్లలకు సున్నా వస్తే దాచుకుంటారు. నాది అచ్చులో వేస్తున్నారు.

ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం దానియేలు జీడిపప్పు పాకం పొట్లంతో వచ్చాడు. "ఇప్పుడు చలి పరీక్షకని చలిపెట్టెలో పెట్టిన కొత్త కుండీలకు కూడా నేనే కదా మార్కులు వేసేది?"

"మీరు పనికిరారు. ఎలాంటి ఆకు ఓడిపోవాలో మీకిప్పుడు తెలిసిపోయింది."

అతని మొహం చిన్నబోయింది. "మరి ఎవరు?"

కెజియా పాకం ముక్క కొరుకుతూ చెప్పింది. "రేపు పొద్దున తొమ్మిదింటికి అత్తయ్యగారిని తీసుకొస్తున్నాను. నేనిక్కడ ఏం చేస్తానో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. పైగా నాకు ఊరికే మార్కులు వేసే మనిషి కాదు."