అరవై రెండు అడుగులు

ఆరో ఇంటి పసివాడి తొడకు టీకా వేసి, వాడి ఏడుపు సద్దుమణిగేదాకా దూదితో అదిమిపట్టి, నర్సమ్మ ఐసుపెట్టె భుజాన తగిలించుకుని మళ్లీ వీధిన పడింది. ముప్పై ఏళ్లుగా అదే నడక. మడమలు బీటలు వారాయి. పెట్టె బరువుకి ఎడమ భుజం కాస్త కిందికి జారింది.

పాతపేటలో ఏ సందులో దూరినా ఇంకో వీధి ఎదురొచ్చేది. ఊరు పెరిగాక వెలసిన కాలనీలే ఆమెను ముప్పుతిప్పలు పెట్టాయి. ఒక్కోదానికి ఒక్కటే గేటు. లోపలి రోడ్లన్నీ గోడ దగ్గరికెళ్లి ఆగిపోతాయి. ఆసుపత్రి వెనకున్న కాలనీ గోడకు ఆవలే ఉన్న ఇంటికి చుట్టూ తిరిగి మూడు కిలోమీటర్లు. పోయినేడు ఆ ఇంటి బిడ్డకు ఫిట్స్ వస్తే, తల్లి ఎత్తుకుని మెయిన్‌రోడ్డంతా పరుగెత్తింది. బిడ్డ దక్కింది గానీ, ఆ గోడ నర్సమ్మ కంట్లో నలుసైపోయింది.

అప్పట్నుంచి కాలనీ ప్రెసిడెంటు గుమ్మం వదల్లేదు.

"దొంగలొస్తారమ్మా," అనేవాడాయన.

"దొంగ గోడ దూకగలడు బాబూ. చంటిబిడ్డ తల్లి దూకలేదు గదా!"

ఈ పొద్దున, పదకొండోసారికి, ఆయన నవ్వేశాడు. "నీతో పడలేను తల్లీ. కొట్టిస్తాలే."

మధ్యాహ్నం ఆమె ఆరో ఇల్లు ముగించి ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికే మేస్త్రీ గోడను మనిషి పట్టేంత పగలగొట్టాడు. ఆవలివైపు ఆ బిడ్డ తల్లి ఇటుకముక్కలు ఊడుస్తూ, "ముందు నువ్వే రా పెద్దమ్మా!" అంది.

నర్సమ్మ పెట్టెను గుండెకు హత్తుకుని, పక్కకు తిరిగి, దాటింది. ఆసుపత్రి మెట్ల నుంచి ఆ ఇంటి గడపదాకా అడుగులు లెక్కపెట్టింది.

"అరవై రెండేనే పిల్లా!" అంటూ పగలబడి నవ్వింది.

మిగిలిన నాలుగిళ్లూ గంటలో ముగించి, ఆసుపత్రి పక్కనే ఉన్న తన ఇంటికి ఎండ ఉండగానే చేరింది. భర్త ఆశ్చర్యపోయాడు. "ఏంటివాళ ఇంత పెందలాడే?"

"దారి పడిందిగా," అని కుర్చీలో వాలి కాళ్లు చాపుకుంది.

ఆయన టీ పెట్టుకొచ్చేసరికి కళ్లు మూసుకుని ఉంది. పాపం, అలిసిపోయిందనుకుని, కప్పు బల్లమీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా పక్కన కూర్చున్నాడు. టీ చల్లారిపోతోందని చెయ్యి తట్టాడు. చెయ్యి అప్పటికే చల్లబడింది.

మర్నాడు కాలనీ జనం గోడ కంతలోంచి ఒకరి వెనక ఒకరుగా నడిచి వచ్చారు. ప్రెసిడెంటూ తల వంచుకుని దాటాడు.

గుమ్మం పక్కన ఆమె చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి, అరిగిన మడమల గుంటల్లో ఎర్రటి ఇటుకపొడితో.