కుసుమకుమారి పెట్టని సంతకం

భావనపాడులో తల్లి గురమ్మకు కంటి ఆపరేషను చేయించి, పది రోజులు దగ్గరుండి చూసుకుని కుసుమకుమారి విజయనగరం తిరిగొచ్చేసరికి మేడ మీద గదిలో తనతో కలిసి ఉండే ఝాన్సీ మంచం లేదు. మంచమే కాదు, కుట్టుమిషను, గోడ అద్దం, వంటింట్లో మిక్సీ, ఏవీ లేవు. కుసుమ బట్టల పెట్టెను మాత్రం ఎవరో గది మధ్యకు లాగి పెట్టారు.

ముందు దొంగలు పడ్డారేమో అనుకుంది. ఫోను చేస్తే ఝాన్సీ ఎత్తలేదు. కిందకు దిగి ఇంటివాళ్ల తలుపు కొట్టింది.

ఇంటి యజమాని గణపతిరావు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తలుపు తీసింది ఆయన భార్య జగ్గమ్మ. ఎప్పుడూ లోపలికి రమ్మని పిలిచే మనిషి ఆ రోజు గడపకు అడ్డంగానే నిలబడింది.

"ఒకటో తారీకుకి ఖాళీ సేసెయ్యండి. కొత్తోళ్లు దిగుతారు. సున్నం వేయించాలి" అంది.

"ఖాళీ ఏటి ఆంటీ? నాకేటీ తెలీదు."

లోపల్నుంచి గణపతిరావు ఒక కాగితం పట్టుకొచ్చి చేతికిచ్చాడు. 'సొంత కారణాల వల్ల మేమిద్దరం ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తున్నాము. మా అడ్వాన్సు మొత్తం ఝాన్సీకి ఇవ్వగలరు' అని రాసి ఉంది. కింద రెండు సంతకాలు. రెండోది తెలుగులో, కుసుమకుమారి అని.

కుసుమ ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియను. రోజుకు నలభై రిపోర్టుల మీద ఇంగ్లీషులో సంతకం పెడుతుంది. తెలుగులో ఎప్పుడూ పెట్టలేదు. కానీ ఆ దస్తూరి ఆమెకు తెలుసు. రెండున్నరేళ్లుగా వంటింటి తలుపు మీద సరుకుల చీటీ రాసిన చెయ్యి అది. 'కుంకుడుకాయలు' రాసినప్పుడల్లా 'కు' కొమ్మును అలాగే పొడుగ్గా లాగేది ఝాన్సీ.

"డబ్బు ఇచ్చేసినారా అంకుల్?"

"నువ్వు ఊరెళ్లిన మర్నాడే కాయితం తెచ్చింది. ముప్పై వేలూ ఇచ్చేసినాను. ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కదమ్మా."

జగ్గమ్మ ఆగలేకపోయింది. "అయినా మీరెవులో మాకిప్పుడే తెలిసింది. నీచు వండకూడదని మొదట్లోనే సెప్పినాం. ఎండు సేపలు వండీదానివట. ఆ పిల్ల పాపం ముక్కు మూసుకుని ఎన్నాళ్లు ఓర్సుకుందో!"

 కుసుమ మెట్లెక్కి వచ్చి పెట్టె మీద కూర్చుంది.

ఇద్దరికీ స్నేహం హాస్టల్లో కలిసింది. ఝాన్సీది బొబ్బిలి పక్క రైతుల ఇల్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. హాస్టల్ తిండి పడక 2015 జూన్‌లో ఇద్దరూ ఇల్లు వెతికారు. ఈ మేడ చూసినప్పుడు గణపతిరావు, "మీరిద్దరూ ఏటవుతారమ్మా?" అని అడిగాడు. కుసుమ నోరు తెరిచేలోపే, "మా పెద్దమ్మ కూతురండి" అంది ఝాన్సీ. బయటికొచ్చాక, "మీది సేపల వేటకెళ్లే ఇల్లని నిజం సెప్తే ఇవ్వరే. నాకు నువ్వు కావాలి, ఇల్లూ కావాలి" అని భుజం మీద చెయ్యేసింది. ఆ మాటకు కుసుమ పొంగిపోయింది. అబద్ధమని తెలిసీ ఊరుకుంది.

భావనపాడు నుంచి వచ్చిన ప్రతిసారీ సంచీ వెతికేది ఝాన్సీయే. "ఎండు నెత్తళ్లు తెచ్చినావా? గురమ్మత్త ఏటంపింది?" అనేది. ఇంటివాళ్లు తిరుపతో అన్నవరమో వెళ్లినప్పుడు కిటికీలు మూసి వండుకునేవారు. కంచం ఊడ్చేది ఎప్పుడూ ఝాన్సీయే.

ఆ సాయంత్రం కుసుమ పెట్టె అడుగు నుంచి అద్దె కాగితం జెరాక్సు తీసింది. సంతకం పెట్టిన రోజు చదవలేదు. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. మర్నాడు సెలవు పెట్టి బొబ్బిలి రైలెక్కింది.

ఝాన్సీ తండ్రి సూరయ్య కళ్లంలో వరి కుప్ప దగ్గరున్నాడు. కుసుమను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏటమ్మీ, మొన్న ఎంగేజిమెంటుకి రాలేదు? సెలవు దొరకలేదన్నాది మా పిల్ల. రా, ముందు టీ తాగు."

కుసుమకు ఎంగేజిమెంటు సంగతే తెలియదు. టీ తాగింది. ఝాన్సీ లోపల్నుంచి వచ్చి, ఆమెను చూసి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది.

"సెబుదామనే అనుకున్నాను. అంతా తొందరగా అయిపోయింది. పృథ్వీరాజ్ వైజాగులో ఇల్లు సూసినాడు, అడ్వాన్సు కట్టాలన్నాడు. నీ సగం నీకు పంపీస్తాను."

"అడిగితే ఇద్దును కదే."

"ఇద్దువు. కానీ ఇల్లు వదలాలంటే రెండు నెల్ల ముందు నోటీసివ్వాలట. ఆ పెద్దాయన ఒప్పుకునేవాడు కాదు. అందుకని..."

"అందుకని నానెవుల్నో సెప్పీసినావు."

ఝాన్సీ తల దించుకుంది. "అలా సెప్తే నోటీసు అడక్కుండా ఎంటనే వొదిలేస్తాడనుకున్నాను. అలాగే అయ్యింది."

"నువ్వు ముక్కు మూసుకుని ఓర్సుకున్నావట. నెత్తళ్ల కూర కోసం నాతో దెబ్బలాడింది ఎవులే?"

"మెల్లగా మాటాడు. నాన్నకి ఇనబడతాది."

"ఎంగేజిమెంటుకి నన్నెందుకు పిలవనేదు?"

"పృథ్వీరాజ్ వాళ్లు కొంచెం... నీకు తెలీనిదేటుంది? మీ వోళ్లంటే..."

ఝాన్సీ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేసేదాకా కుసుమ ఆగలేదు. సూరయ్యకు దండం పెట్టి, వెళ్లొస్తానని చెప్పి వచ్చేసింది. ఆయనతో ఏమీ అనలేదు. తిరుగు రైల్లో గజపతినగరం దాటేదాకా ఏడ్చింది. ఎదురుగా కూర్చున్న ముసలామె నీళ్ల సీసా ఇచ్చింది కానీ ఏమైందని అడగలేదు.

మర్నాడు ఉదయం గణపతిరావు ముందు అద్దె కాగితం పెట్టింది.

"నాలుగో షరతు సదవండి అంకుల్."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఇల్లు వదిలేటప్పుడు అద్దెదారులిద్దరూ కలిసి రెండు నెలల ముందు రాసివ్వాలి. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేటప్పుడు ఇద్దరూ ముట్టినట్టు సంతకం చేయాలి.

"కింద నా సంతకం సూడండి, ఇంగ్లీషులో ఉంది. ఆ ఉత్తరం మీదున్నది నాది కాదు. నాను నోటీసివ్వలేదు. ఇప్పుడిస్తన్నాను." రాసి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. "ఈ రెండు నెలలూ అద్దె మొత్తం నానే కడతాను. ఎల్లిన రోజు నా సగం నాకు కావాలి."

"డబ్బు ఇచ్చేసినాను కదమ్మా!"

"నాకు ఇయ్యలేదు కదా."

గణపతిరావు రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లు మనియార్డర్ల మీద సంతకాలు సరిచూసిన మనిషి.  ఝాన్సీ ఉత్తరం తెచ్చిన రోజు ఆయన సంతకం సరిచూడలేదు. కుసుమ ఎవరో తెలిశాక త్వరగా పంపేయాలన్న ఆత్రంలో ఉన్నాడు. ఇద్దరికీ అది అర్థమైంది.

"పోలీసు రిపోర్టు ఇచ్చేయమ్మా. దొంగ సంతకమని నేను సాక్ష్యం చెప్తాను."

కుసుమ ఆ పగలంతా ఆలోచించింది. రిపోర్టిస్తే ఝాన్సీ ఉద్యోగం పోతుంది. పోతే పోనీ అని కూడా అనిపించింది. కానీ స్టేషన్లో మొదట అడిగేది ఈ ఇల్లు మీకెలా దొరికిందని. పెద్దమ్మ కూతురినని చెప్పించుకుని దొరికిందనాలి. ఆ అబద్ధంలో తనకూ భాగం ఉంది. చివరికి ఒక్క వాక్యం రాసి గణపతిరావుకు ఇచ్చింది. 'ఈ సంతకం నాది కాదు, ఎవరినీ పెట్టమని నేను చెప్పలేదు.' ఆయన దాని నకలు ఝాన్సీ ఇంటికి పంపాడు.

ఐదో రోజు సూరయ్య వచ్చాడు. కింద గణపతిరావుకు డబ్బు అప్పజెప్పి, మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. కుసుమ కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఆ రోజు మా ఇంటికొచ్చి కూడా నాతో ఒక్క ముక్క అన్లేదు గదమ్మా. తిట్టి ఉంటే బాగుండేది."

"మీరేటి సేసినారు బాబాయ్, తిట్టడానికి?"

"దాన్ని రమ్మన్నాను. రాలేదు."

"నాకేటైనా సెప్పమన్నాదా?"

ముసలాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడానికి కాసేపు తడుముకున్నాడు. తరవాత, "లేదమ్మా" అన్నాడు.

ఆ రెండు నెలలూ కుసుమ ఆ ఇంట్లోనే ఉంది. కింద వాళ్లు మాట్లాడటం మానేశారు. కుళాయి నీళ్లు ఒక్కోరోజు పైకి ఎక్కేవి కావు. బిందెతో మోసుకునేది. ఖాళీగా ఉన్న సగం గదిలోకి తన మంచం జరుపుకోలేదు. ఆదివారాలు వేరే గది కోసం తిరిగింది. ఎక్కడికెళ్లినా ఊరి పేరు, తండ్రి పడవ మీద వేటకు వెళతాడన్న సంగతి ముందే చెప్పింది. రెండు చోట్ల గది ఇచ్చేశామన్నారు. మూడో చోట ఇచ్చారు.

జనవరి నెలాఖరున గణపతిరావు పదిహేను వేలు లెక్కపెట్టి ఇచ్చి ముట్టినట్టు రాయించుకున్నాడు. ఈసారి సంతకాన్ని అద్దె కాగితంతో పోల్చి చూసుకున్నాడు. జగ్గమ్మ తాళాల కోసం మేడ మీదకు వచ్చింది. గదులన్నీ తిరిగి చూసింది. కుసుమ అంతా కడిగి తుడిచి పెట్టింది. వంక పెట్టడానికేమీ కనబడలేదు.

"మొదట్లోనే నిజం సెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా" అంది జగ్గమ్మ. గొంతులో కోపం లేదు.

కుసుమ తాళాలు ఆమె చేతిలో పెట్టింది.

"సెప్పుంటే ఇల్లు ఇచ్చేవారా ఆంటీ?"

జగ్గమ్మ తాళాల గుత్తిని కొంగున ముడేసుకుంది. కింద ఆటోవాడు హారను కొట్టాడు.  కుసుమ పెట్టె ఎత్తుకుని మెట్లు దిగింది.