రెండు రాడ్ల లారీ

అరవై ఏళ్ల నాటి ఆ లారీకి గేరు రాడ్లు రెండు. ఒకటి అన్ని బండ్లకూ ఉండేదే. రెండోది ఓవర్‌డ్రైవ్‌ది, జానెడు రాడ్డు. చదును రోడ్డు మీద టాప్ గేరు పడ్డాక దాన్ని కూడా వేస్తే ఇంజన్ రొద తగ్గి బండి హాయిగా పరుగెత్తుతుంది. వేయడం రావాలి, అంతే. ఇరవై ఏళ్లుగా కొత్త లారీలు నడుపుతున్న మోసిన్‌కు అదే రాలేదు.

కళ్లు మసకబారి అతని మామ అబ్దుల్ గఫార్ స్టీరింగు వదిలేశాడు. పాత ఇనుము వ్యాపారి రేపొచ్చి బండిని కోసేస్తానన్నాడు.

"ఈ పొద్దు మదనపల్లెలో టమోటా ఎత్తుకోని కుప్పం దాకా తోలు. ఓవర్‌డ్రైవ్ సప్పుడు కాకుండా పడిందా, బండి నీది. ల్యాదంటే కోసుకోనీ. దినామూ గేరు పండ్లు రాలగొట్టేదానికన్నా అదే మేలు" అన్నాడు గఫార్.

మామను పక్కన ఎక్కించుకుని బయల్దేరిన మోసిన్, పుంగనూరు చేరేలోపు దాన్ని ఏడుసార్లు వేశాడు. ఏడుసార్లూ గేర్లు గర్రుమన్నాయి.

"ఇంజన్ అరిసినాక ఎయ్యప్పా" అన్నాడు మామ. అలాగే వేస్తే, "అంతసేపు యాల అరిపిస్తావు? ముందే ఎయ్యల్ల!" అన్నాడు.

"క్లచ్ ఒకసారా, రెండుసార్లా మామూ?"

"ఒకసారే."

పది నిమిషాలకు, "రెండుసార్లు తొక్కల్లని సెప్తాండా కదా!"

తనకు బుర్ర లేదా, మామకు మతి పోయిందా? మోసిన్ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే మామ, షెడ్డులో పని నేర్చింది తెలుగులో కాబట్టి లారీ సంగతులన్నీ తెలుగులోనే చెబుతాడు. ఏ భాషలో చెప్పి ఏం లాభం!

పుంగనూరు దాటాక టీ కొట్టు దగ్గర ఆపాడు.

"ఇంజన్ ఆపేసినా. స్టీరింగు ముందర మీరే కూసోండి మామూ. మీ మాట వద్దు, మీ సెయ్యి సూస్తా" అని కిందికి దిగి తలుపు దగ్గర నిలబడ్డాడు.

గఫార్ కాలు క్లచ్ తొక్కింది. చెయ్యి చిన్న రాడ్డును న్యూట్రల్‌కు లాగింది. అక్కడ రాడ్డు వదిలేసి, పక్కనున్న ఖాళీ సీటును రెండుసార్లు తట్టింది. తిరిగొచ్చి, కాలు రెండోసారి క్లచ్ తొక్కగానే రాడ్డును ముందుకు తోసింది.

"సీటు యాల తట్టినారు?"

"నేనా? ల్యాదే!"

మళ్లీ చేయించాడు. మళ్లీ తట్టాడు. మోసిన్ సీటు కింద మూడో రాడ్డేమైనా ఉందేమోనని తడిమి చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఏమైతే అదవుతుందని మామను మళ్లీ ఆ పక్క సీట్లో కూర్చోబెట్టి బండి తీశాడు. పలమనేరు దాటాక చదును రోడ్డు. క్లచ్, న్యూట్రల్. సంకోచిస్తూనే మామ మోకాలి మీద రెండుసార్లు తట్టాడు. క్లచ్, రాడ్డు. చప్పుడే లేదు! ఆ తట్టేంతసేపు ఆగాలన్నమాట. నలభై ఏళ్లు నడిపిన మనిషికి ఆ సంగతే తెలియదు.

"పడింది మామూ! బండి మనదే!"

గఫార్ నవ్వలేదు. తన మోకాలి వంకే చూస్తున్నాడు.

"మీ అత్త సుల్తానా ఈడనే కూసుంటా ఉండె. కుదుపొస్తాది, ముందరి కడ్డీ పట్టుకో అని తట్టేవాణ్ణి. ఆయమ్మ పోయి మూడేండ్లాయ. నా సేతికి ఎవురూ సెప్పల్యా బేటా."

వి.కోట దగ్గర బస్సు అడ్డమొస్తే ఓవర్‌డ్రైవ్ తీయాల్సి వచ్చింది. మళ్లీ వేయబోతే, తట్టాలో వద్దో తెలియక మోసిన్ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

గఫార్ ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"తట్టప్పా" అన్నాడు.