మెడ మీదికొచ్చిన జుట్టు

ఊళ్ళో అందరి మెడలూ వంచే కత్తెర మాస్టారు తన మెడ దాకా వచ్చేసరికి డీలాపడిపోయాడు. రిపోర్టులో థైరాయిడ్ తేడా అని వచ్చింది. సాయంత్రం స్పెషలిస్టును చూడాలి. ఈలోగా ఆ అంకెల సంగతేమిటో తేలుద్దామని, ల్యాబ్‌లో పనిచేసే బావమరిదిని సెలూన్‌కే పిలిపించాడు.

కుర్చీలో బట్టతల పోస్ట్‌మాస్టరు, సగం గడ్డం నురగలో. ఒళ్ళో అప్పుడే కొన్న తలనూనె సీసా. నూనె మాస్టారి సొంత తయారీ, ప్రకటన మాస్టారి సొంత జుట్టు. "నన్ను చూసి కొనండి" అని అద్దం మీద రాయించాడు కూడా.

"ఇదిగో బావా, టీ త్రీ, టీ ఫోర్..."

"ముందు ఒక టీ తాగరా. మూడూ నాలుగూ తర్వాత చూద్దాం."

"జోకులాపు. టీఎస్‌హెచ్ అంటే తలలోని మేస్త్రీ కేకలనుకో. మెడలోని థైరాయిడ్ కూలీ. కూలీ కునుకు తీస్తే మేస్త్రీ అరుపు పెరుగుతుంది. నీ మేస్త్రీ నోరే మెదపట్లేదు. అంటే కూలీ పని విరగదీస్తున్నాడన్నమాట."

"మా ఇంట్లో మేస్త్రీ నోరు మూసిందెప్పుడ్రా?"

గల్లా దగ్గరున్న భార్య, "ఇంటికి రండి, వినిపిస్తా" అంది.

బావమరిది బావను ఎగాదిగా చూశాడు. "ఇంత జోరుంటే మనిషి చిక్కాలి, చెయ్యి వణకాలి. నీ చెయ్యి వణికితే ఈయన చెవి ఈపాటికి కిందుండేది."

పోస్ట్‌మాస్టరు చెవి తడుముకున్నాడు.

"జుట్టుకని బయోటిన్ మాత్రలేమైనా మింగుతున్నావా? పెద్ద మోతాదులో మింగితే కొన్ని పరీక్షలు ఇలా తప్పు చూపిస్తాయి."

మాస్టారు చప్పున పౌడరు డబ్బా వైపు చూశాడు. దాని వెనక దాచి నెలల తరబడి మింగుతున్నవి అవే! చెబితే నూనె వ్యాపారం జారిపోతుంది. చెప్పకపోతే లేని జబ్బుకు మందు పడుతుంది.

"నాకు మాత్రలెందుకురా? నూనె లేదూ?"

"అయితే సరే. డాక్టరు ఈ కాగితాన్నే నమ్మి థైరాయిడ్‌ను అణిచే మందిస్తే, బాగున్న కూలీ పడకేస్తాడు. అప్పుడు ఒళ్ళు లావెక్కుతుంది, జుట్టూ రాలుతుంది."

"జుట్టా!" కత్తి గాల్లో ఆగిపోయింది. "మింగుతున్నానురా బాబూ! రోజూ మింగుతున్నా!"



"మరి ఆ జిడ్డంతా నా తలకెందుకు రుద్దించారు?" అంది భార్య.

"డాక్టరుకు ముందే చెప్పు బావా. ఆయన చెప్పినన్నాళ్ళు మాత్రలాపి, మళ్ళీ రక్తమిద్దువు గాని."

పోస్ట్‌మాస్టరు సీసాను మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు. మాస్టారు తల దించుకున్నాడు.

"అది సరేగానీ," అన్నాడు పోస్ట్‌మాస్టరు, "ఆ మాత్రల పేరేంటయ్యా?"

సాయంత్రం స్పెషలిస్టు ఎదుట మాస్టారు ఉన్నదంతా కక్కేశాడు. డాక్టరు కలం తీసి, "మాత్రల పేరు, మోతాదు చెప్పండి" అన్నాడు.

మాస్టారు తలెత్తి చూశాడు. గదిలో దీపం కన్నా డాక్టరు తలే ఎక్కువ మెరుస్తోంది.

"రాసుకోండి సార్," అన్నాడు జాలిగా, గొంతు తగ్గించి. "కాకపోతే రక్తపరీక్ష ఉన్నప్పుడు మాత్రం ముందే ఆపేయండి."