వెనక పోర్షన్

బాత్రూమును ఆనుకున్న గోడ మళ్ళీ ఉబ్బింది. వెనక పోర్షన్ ఖాళీ అయిన ప్రతిసారీ ఆ ఉబ్బు గీకి, పుట్టీ పూసి, ఆరాక రంగు వేసేది నేనే. లోపల కారే పైపు మార్చాలంటే గోడ పగలగొట్టాలి, అది మా ఆయనకు దండగ ఖర్చు. "తడి కనబడకపోతే చాలు. అద్దెకొచ్చేవాళ్ళు గోడ నాకి చూస్తారా?" అంటారు. నలుగురిలో తను ఇన్వెస్టరునని చెప్పుకుంటారు. మూడు పోర్షన్లలో ఎక్కడ కుళాయి కారినా, సింకు నిండినా పొయ్యి కట్టేసి పరిగెత్తేది నేను. నాకు మాత్రం "ఇంట్లో ఖాళీగా ఉంటుంది" అని పేరు.

ఈసారి అక్క కోసం ఆ పోర్షన్ అడిగాను. బావ పోయాక అక్క మరిది ఇంట్లో, వంటగదిలో ఓ మూల పడుకుంటోంది. ఊరికే వద్దు, అద్దె ఇస్తుందన్నాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"బంధువుల్ని పెడితే ఖాళీ చేయించలేం. అయినా నాలుగు వాషర్లు మార్చినంత మాత్రాన ఇల్లు నీదైపోతుందా?"

అత్తగారు నవ్వారు. ఆ నవ్వు ప్రార్థనలో కూడా నా చెవుల్లోంచి పోలేదు. దేవుణ్ణి శాంతి అడగబోయి, వీళ్ళ పొగరు అణిగే రోజు చూపించమని అడిగాను. తప్పేననిపించింది గాని, ఆ కోరిక వెనక్కి తీసుకోలేదు.

ఇల్లు చూపించేదీ నేనే. ఈసారి రంగు వెయ్యలేదు. మొదట వచ్చిన దంపతుల చేత గోడ తాకించి, వానొస్తే చెమ్మ మంచం దాకా వస్తుందని చెప్పాను. తర్వాత వచ్చిన నర్సుకి, పై పోర్షన్‌వాళ్ళు నీళ్ళు వదిలితే కింద తూములోంచి ఎలా తన్నుకొస్తాయో దగ్గరుండి చూపించాను. అందరూ నన్ను దీవించి మరీ వెళ్ళిపోయారు. నిజం చెప్పడం పుణ్యమే కదా. కానీ ప్రతి నిజం నా నోట్లో బెల్లంముక్కలా కరిగింది. కసితో చెప్పిన నిజం కూడా పుణ్యంలోకే వస్తుందా స్వామీ అని అడిగాను. మా ఆయనేమో ఈ పోర్షన్‌కి ఎవరి దిష్టి తగిలిందోనని తల పట్టుకున్నారు.

చివరికి ఓ రోజు కాఫీ తాగుతూ, పెద్ద మనసు చేసుకున్నట్టు గొంతు సవరించుకున్నారు.

"సరేలే, ఖాళీగా పడుండేకన్నా మీ అక్కనే రమ్మను. ముందు ఆ గోడకి రంగు కొట్టెయ్యి."

"అక్కకీ ఉన్నదున్నట్టు చెప్పానండీ. వద్దంది."

"మరి ఎక్కడుంటుందట, మహారాణి?"

"బట్టలు కుట్టే షాపులో పని దొరికింది. ఆ వీధిలోనే ఇల్లు తీసుకుంది. గోడలన్నీ నేనే తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి."

"పీడ వదిలింది" అన్నారు అత్తగారు లోపల్నించి.

"రెండు గదులండీ" అన్నాను ఆయన చేతిలోని ఖాళీ కప్పు అందుకోకుండా. "రెండోది నాది. దేవుడి పటాలు పొద్దున్నే అక్కడికి చేర్చాను."