కదలని అంకె

కంట్రోల్ రూమ్ ఆపరేటర్ ఎర్రిబాబు డ్యూటీలో నిద్రపోయాడని, అందుకే ఫ్యాక్టరీలో సాల్వెంట్ రసాయనం ఉన్న ట్యాంకు పొంగిందని మేనేజర్ త్రినాధరావు తేల్చేశాడు. ఆ సంగతి టెక్నీషియన్ ధనరాజ్ ఫోన్ చేసి చెబితే సుప్రియకు తెలిసింది.

"స్క్రీన్ మీద సగమే సూపించిందట మేడమ్. పొంగి కారిపోతన్నా సగమేనట. వాసనొత్తే పరిగెట్టికెళ్లి చేత్తో వాల్వు కట్టేసేడు. ఆ ఆవిరికి అక్కడే పడిపోయేడు. పేణానికి పర్లేదంట గానీ, ఉజ్జోగం నుంచి తీసేత్తన్నారు."

సుప్రియ ఆ ఫ్యాక్టరీ మనిషి కాదు. ట్యాంకుల మీద ట్రాన్స్‌మిటర్లు బిగించి, వాటిని కంట్రోల్ రూమ్‌తో కలిపిన కంపెనీలో ఇంజనీరు. ట్యాంకులో ఎంత సరుకుందో చెప్పడంతో ఆ ట్రాన్స్‌మిటర్ల పని అయిపోదు. సెన్సర్‌కు మట్టి పట్టినా, దాని లోపలి వైరు వదులైనా, ఆ మాట కూడా అదే కేబుల్ మీద అవే పంపుతాయి. అలా పంపేలా ఒక్కొక్కదాన్నీ సిద్ధం చేసింది సుప్రియే. పొంగుతున్న ట్యాంకు సగమే ఉన్నానని చెప్పిందంటే ఆమె నమ్మలేకపోయింది. సబ్బవరంలో బస్సెక్కి, అనకాపల్లిలో దిగి, ముందు ఆసుపత్రికే వెళ్లింది.

ఎర్రిబాబు మూతికి ఆక్సిజన్ మాస్కు ఉంది. మాట్లాడబోతే దగ్గు ముంచుకొచ్చింది. పక్కన స్టూలు మీద భార్య తలుపులమ్మ కూర్చుని ఉంది. చేపలమ్మే చోటు నుంచి నేరుగా వచ్చేసినట్టుంది, చీర అంచులింకా తడిగా ఉన్నాయి.

"నిద్దరోయేడంటన్నారమ్మా. నిద్దరోయినోడు వాల్వు కాడికి ఎలాగెల్లేడో నువ్వే సెప్పు."

"కనుక్కుని వస్తానమ్మా," అంది సుప్రియ.

ఫ్యాక్టరీకి వెళ్లేసరికి ధనరాజ్ గేటు దగ్గరే ఉన్నాడు. ఇద్దరూ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఆ ట్యాంకు సెట్టింగులు తెరిచారు. ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. ట్రాన్స్‌మిటర్ నుంచి సమాచారం ఆగిపోతే అలారం మోగాలని సుప్రియ పెట్టింది. ఇప్పుడు ఆ అలారం ఆపేసి ఉంది. సమాచారం తెగిపోతే, చివరగా వచ్చిన అంకెనే స్క్రీన్ మీద అలా నిలబెట్టమని ఎవరో మార్చారు. ట్యాంకు సగం నిండినప్పుడు సమాచారం తెగింది, ఆ సగమే నిలిచిపోయింది.

"ఎవరు మార్చారు ధనరాజ్?"

"త్రినాధరావుగారే మార్పించేరట మేడమ్. పెద్ద పంపు ఆన్ సేసినప్పుడల్లా లింకు తెగిపోతంది గదా, అలారం గోల పడలేకపోతన్నామని."

లింకు ఎందుకు తెగిపోతుందో సుప్రియకు తెలుసు. సిగ్నల్ కేబుల్‌ను మోటార్ల కరెంటు కేబుళ్లతో కేబుళ్లు పరిచే ఒకే ట్రేలో లాగించింది త్రినాధరావే. కరెంటు కేబుళ్ల పక్కనుంటే సిగ్నల్ చెడిపోతుందని ఆమె అప్పుడే మొత్తుకుంది. ప్రారంభోత్సవం అయిపోనివ్వమ్మా, తర్వాత విడదీయిద్దాం అన్నాడాయన. ప్రారంభోత్సవానికి షామియానాలు వేశారు, బిర్యానీలు పెట్టారు. కేబుల్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

మర్నాడు విచారణ. డైరెక్టరు వచ్చాడు. త్రినాధరావు చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఎదురుగా కూర్చుని, ఎర్రిబాబు నిర్లక్ష్యం గురించి మెత్తగా, జాలిగా మాట్లాడుతున్నాడు. ఆ జాలి మాటలు పూర్తయ్యేదాకా సుప్రియ ఆగలేదు.

"సార్, ఒక్కసారి కంట్రోల్ రూమ్‌కి రండి," అంది డైరెక్టరుతో.

అందరూ వచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డారు. ధనరాజ్ ముందే ట్యాంకు పైకెక్కి ఉన్నాడు. సుప్రియ ఫోన్‌లో, "వైరు ఊడదీయి," అంది.

"తీసేసేను మేడమ్. నా చేతిలోనే ఉంది."

స్క్రీన్ మీద అంకె కదల్లేదు. రంగు మారలేదు. చిన్న చప్పుడైనా లేదు.

"ఇప్పుడు ఆ ట్యాంకుకీ మనకీ మాటల్లేవు సార్," అంది సుప్రియ. "అయినా అంతా బాగానే ఉందని ఇక్కడ కనబడుతోంది. ఎర్రిబాబు చూసింది ఇదే."

త్రినాధరావు గొంతు సవరించుకున్నాడు. "వైరు పీకేస్తే ఏ సిస్టమైనా అంతే కదమ్మా."

"కాదు సార్. వైరు పీకేస్తే నాకు తెలీడం లేదని చెప్పాలి. చెప్పేలాగే నేను పెట్టాను. మీరు దాని నోరు నొక్కేశారు. అదేం చెబుతోందో వినే ఓపిక లేక నొక్కేశారు. ఇప్పుడు నిద్రపోయాడని ఆయన మీదకు తోస్తున్నారు."

ఆమె పాత సెట్టింగు తిరిగి పెట్టింది. వెంటనే అలారం గది అదిరేలా మోగింది. డైరెక్టరు చెవి మీద చెయ్యి పెట్టుకుని త్రినాధరావు వైపు తిరిగాడు. "మీరేనా మార్పించింది?" "ఆ గోల పడలేక సార్," అన్నాడు త్రినాధరావు.

ఎర్రిబాబును తీసేయడం లేదని డైరెక్టరు అక్కడే చెప్పాడు. కేబుళ్లు విడదీసేదాకా ఆ పంపు నడపొద్దన్నాడు. ఆ తర్వాత సుప్రియను పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు. "బయటకి మాత్రం ట్రాన్స్‌మిటర్ చెడిపోయిందని చెబుదాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"ట్రాన్స్‌మిటర్ చెడిపోలేదు సార్. నేనలా చెప్పను."

"మీ కంపెనీకి ఇక్కడ ఇంకా చాలా పని ఉందమ్మా."

"ఉండనీండి. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే ఇప్పుడు మీరు చూసిందే చెబుతాను."

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, అడిగాడు, ఆమె చెప్పింది. త్రినాధరావును వేరే యూనిట్‌కి పంపేశారు. అక్కడా మేనేజరే. సుప్రియ పై అధికారి ఫోన్ చేసి, "అంత గట్టిగా మాట్లాడాల్సిన పనేముంది?" అని విసుక్కున్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

కేబుళ్లకు వేరే ట్రే వేయించి, ఎర్తింగ్ సరిచేసి, పంపు ఆన్ చేసి చూశారు. లింకు తెగలేదు. ఎర్రిబాబు మళ్లీ డ్యూటీలో చేరాడు. దగ్గు మాత్రం పోలేదు. ట్యాంకు నింపుతున్నప్పుడు స్క్రీన్ ముందు కుదురుగా కూర్చోలేక, మాటిమాటికీ లేచి యార్డులోకి పోతున్నాడు.

"ఇప్పుడు సరిగ్గానే చెబుతోంది బాబాయ్," అంది సుప్రియ.

"అది సరిగ్గానే సెబుతాదమ్మా. మజ్జిలో మళ్లీ ఎవరేటి సేత్తారో నాకేటి తెలుస్తాది?"

హెల్మెట్ పెట్టుకుని, దగ్గుకుంటూ ట్యాంకు వైపు నడిచాడు. సుప్రియకు గట్టిగా అరవాలనిపించింది. ఆ అరవాల్సిన మనిషి ఇంకో ఊళ్లో, ఇంకో కంట్రోల్ రూమ్‌లో, హాయిగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.