తొమ్మిదో నంబరు బిళ్ళ

మా తమ్ముడు కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. అలాంటివాణ్ణి తీసుకొచ్చి, విమానాల నమూనాలను గాలిలో పరీక్షించే మా సొరంగంలో లోపల తుడిచే పనికి పెట్టించింది నేనే. బుద్ధి గడ్డి తిని ఆ పని చేశాను.

సొరంగమంటే చుట్టూ తిరిగొచ్చి తనలోనే కలిసే ఉక్కు గొట్టం. ఒకచోట రెండంతస్తుల ఎత్తు ఫ్యాను. దాన్ని తిప్పేది నేను. మా నాన్న తిప్పిన రోజుల్లో దాని రెక్కలు చెక్కవి. చెక్క పోయింది, ముళ్ళ మీటర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. మారనిది తలుపు పక్కనున్న పలక ఒక్కటే. దానిమీద మనిషికొక ఇత్తడి బిళ్ళ. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ బిళ్ళను జేబులో వేసుకోవాలి, బయటికొచ్చాక తగిలించాలి. పలక నిండితేనే ఫ్యాను తిరగాలి.

నాన్న ఒకసారి మనిషి లోపల ఉండగా తిప్పాడు. ఆ తర్వాతే ఈ బిళ్ళలు వచ్చాయి. ఆ మనిషి ఏమయ్యాడని ఇంట్లో మేమెవరం అడగలేదు, నాన్న చెప్పలేదు.

మా వాడు పని అయ్యాక బిళ్ళను జేబులోనే ఇంటికి పట్టుకుపోతాడు. మర్నాడు తేవడం మరిచిపోతాడు. పలకమీద వాడి కొక్కెం ఖాళీ, పని బంద్, అందరూ వాడి మీద విసుక్కోవడం. మూడోసారి సూపర్‌వైజరు ఇంకొక్కసారి జరిగితే ఇక రానక్కర్లేదన్నాడు. తమ్ముడు కదా. మా వర్క్‌షాపులోనే గుట్టుగా వాడి తొమ్మిదో నంబరుతో ఇంకో బిళ్ళ చేయించి నా సొరుగులో దాచాను.

ఆ రోజు పది గంటలకు చూస్తే తొమ్మిదో కొక్కెం ఖాళీ. మళ్ళీ ఇంట్లో వదిలొచ్చి ఉంటాడు మహానుభావుడు అని తిట్టుకుంటూ, ఎవరూ చూడకుండా సొరుగులోని బిళ్ళ తగిలించాను. పలక నిండింది. సైరను మూడుసార్లు మోగించి ఫ్యాను తిప్పాను.

సూపర్‌వైజరు అప్పుడే వచ్చి, నిండిన పలక చూసి నవ్వాడు. "మీవాడు బాగుపడుతున్నాడమ్మా. పొద్దున్నే వచ్చి నా ముందే బిళ్ళ తగిలించాడు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. పొద్దున తగిలించిన బిళ్ళ పదింటికి లేదంటే వాడి జేబులో ఉంది. అంటే వాడు లోపల ఉన్నాడు.

ఎర్ర బటన్ ఎలా నొక్కానో తెలియదు. కానీ అంత పెద్ద ఫ్యాను నొక్కగానే ఆగదు. నాలుగు నిమిషాలు పడుతుంది. అది ఆగేదాకా తలుపు తెరుచుకోదు. కెమెరాలో నమూనా తప్ప ఇంకేమీ కనబడటం లేదు. తలుపు దగ్గరికి పరుగెత్తి పిడి పట్టుకుని నిలబడ్డాను. లోపల గాలి హోరు. వాడి పేరు పెట్టి అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినబడలేదు. అమ్మకు ఏమని చెప్పాలి? నాన్న ఆ రోజు ఈ పిడే పట్టుకుని నిలబడి ఉంటాడని అప్పుడు తట్టింది.

తాళం టక్కుమంది. లోపలికి పరుగెత్తాను.

సొరంగం మలుపులో గాలిని మళ్ళించే నిలువు రేకులుంటాయి. వాటిలో ఒకదాన్ని రెండు చేతులతో కావలించుకుని కూర్చున్నాడు. మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. తుడిచే గుడ్డ ఎటో ఎగిరిపోయింది. ప్రాణాలతో ఉన్నాడు. వాడి పక్కన కూలబడి భోరున ఏడ్చాను.

"సైరను వినబడలేదట్రా నీకు?" అన్నాను ఏడుపులోనే.

"వినబడింది అక్కా. ఏదో పరీక్షకు మోగిస్తున్నారులే అనుకున్నా. బిళ్ళ నా జేబులోనే ఉందిగా. పలక నిండకుండా నువ్వు తిప్పవని తెలుసు, అందుకే కదల్లేదు."

రక్తం అంటిన చేత్తో జేబులోంచి బిళ్ళ తీసి, ఈసారి మరిచిపోలేదని చూపించాడు. ఆ చేతి వంక చూడలేకపోయాను.

బయట సూపర్‌వైజరు నిండిన పలక ముందు నిలబడి, మళ్ళీ మళ్ళీ వేలుపెట్టి లెక్కపెట్టుకుంటున్నాడు. తమ్ముడి చేతిలో బిళ్ళ చూసి ఆగిపోయాడు. నేను వెళ్ళి తొమ్మిదో కొక్కెం నుంచి నేను తగిలించిన బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది నేను చేయించింది" అన్నాను. తమ్ముడు వింటున్నాడు.